లోపం బయటపడిన సరుకు: ఖియారుల్ ఐబ్

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి ఒక ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన గింజలను జనం చూసేటట్లు పైనే ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసులో తప్పుగా ఎంచబడినది తడి కాదు, తడిని దాచటం.

ధర్మవేత్తలు మరొక అడుగు ముందుకు వేశారు. విక్రేతకు లోపం సంగతి తెలియకపోయినా సరే, కొన్నవానికి సరుకు తిప్పి యిచ్చే హక్కు ఉంటుందన్నారు. ఇదే 'ఖియారుల్ ఐబ్'. లోపం సరుకు చేతికి రాకముందే ఉండాలి, కొనేటప్పుడు కొన్నవానికి అది తెలిసి ఉండరాదు. ఏది లోపమో తేల్చేది ఆ వ్యాపారంలో అనుభవం గలవారు. వారి లెక్కలో ధర తగ్గించేది లోపం.

హనఫీల ప్రకారం కొన్నవాడు సరుకు తిప్పి యివ్వాలి, లేదా ఒప్పుకున్న ధరకే ఉంచుకోవాలి. ఉంచుకుంటూనే ధర తగ్గించమనే వీలు హంబలీలు కల్పించారు. అయితే తిప్పి యివ్వటం సాధ్యం కానప్పుడు హనఫీలూ తగ్గింపుకు ఒప్పుకుంటారు. గుడ్డ కత్తిరించిన తరువాత పాత లోపం కనిపించిందనుకుందాం. మంచి గుడ్డ విలువ 1000 రూపాయలు, లోపంతో 750. అంటే నాలుగో వంతు నష్టం. కొన్నది 800కు గనుక వెనక్కి వచ్చేది 200, 250 కాదు. ఇక్కడ చాలామంది పొరబడతారు.

1869-76 మధ్య వెలువడిన ఉస్మానియా సామ్రాజ్యపు 'మజల్లా' కోడిగుడ్ల సంగతి కూడా వదలలేదు: నూటికి మూడు చెడితే సర్దుకోవాలి, పది చెడితే మొత్తం తిప్పి యివ్వవచ్చు.

"ఏ లోపానికీ నాది పూచీ కాదు" అని ముందే చెప్పి అమ్మితే? ముఅత్తాలో ఒక వ్యాజ్యం ఉంది. బానిసత్వం ఉన్న కాలమది. అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఆ షరతుతోనే ఒక బానిసను 800 దిర్హములకు అమ్మారు. జబ్బు దాచారని కొన్నవాడు ఫిర్యాదు చేశాడు. ఆ జబ్బు తనకు తెలియదని ప్రమాణం చేయమన్నారు హజ్రత్ ఉస్మాన్ (రజి). ఇబ్నె ఉమర్ ప్రమాణానికి నిరాకరించి బానిసను వెనక్కి తీసుకున్నారు. తరువాత 1500 దిర్హములకు అమ్మారు. అయినా హనఫీలు ఆ షరతు చెల్లుతుందనే అన్నారు. షాఫియీలు దానిని పశువులలో విక్రేతకు తెలియని లోపలి జబ్బులకే పరిమితం చేశారు.

లోపం తెలిశాక కూడా సరుకు వాడుకుంటే హక్కు పోతుంది. గుర్రాన్ని తిప్పి యివ్వటానికి ఎక్కి వెళితే పోదు, సొంత పనికి ఎక్కితే పోతుంది.

భారతదేశంలో ఇటువంటి తగాదాలు దేశచట్టం కిందికే వస్తాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం సరిచేయటం, వస్తువు మార్చటం, సొమ్ము వాపసు, నష్టపరిహారం కోరవచ్చు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.