పద్మవ్యూహానికి పచ్చ బటన్

ఈ సంచికకి కవిత ఇస్తానని ఎడిటర్ అక్కకి మాటిచ్చాను. కవిత రాలేదు. దాని బదులు ఒక స్విచ్చు గురించి రాస్తున్నాను. సాహిత్య పత్రికలో స్విచ్చులేంట్రా అని మీరు నవ్వుకోవచ్చు. పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి తొమ్మిది నిమిషాల పాటు మా నలుగురి ప్రాణం ఆ స్విచ్చు దగ్గరే ఆగిపోయింది. అందుకే రాస్తున్నాను.

టెక్ ఫెస్ట్‌కి నాలుగు రోజుల ముందు మాట. రాత్రి ఎనిమిదింపావు. రెండో అంతస్తులోని ప్రాజెక్ట్ ల్యాబులో నలుగురం ఉన్నాం. కరెంటు పోయి పది నిమిషాలైంది. ఫోన్ టార్చి వెలుగులో సామాను సర్దుకుంటున్నాం. ఆ మధ్యాహ్నం డ్రోన్‌తో పాటు కింద పడ్డ లిథియం పాలిమర్ బ్యాటరీ ఒకటి టేబుల్ మీద ఉంది. అది ఉన్నట్టుండి బూరెలా ఉబ్బి పొగ వదలడం మొదలుపెట్టింది. దాన్ని ఎలాగో ఇసుక బకెట్లోకి తోసి, నలుగురం తలుపు దగ్గరికి పరిగెత్తాం.

ఎగ్జిట్ బటన్ నొక్కాను. రోజూ వినపడే బీప్ రాలేదు. మళ్లీ నొక్కాను. నలుగురం వంతులేసుకుని నొక్కాం. తలుపు కదల్లేదు. కిటికీలు తెరిచాం కానీ వాటికి గ్రిల్లులు. మాలో ఒక జూనియర్‌కి ఆయాసం ఉంది, ఇన్‌హేలరేమో హాస్టల్లో ఉండిపోయింది. బయట వాచ్‌మన్ తాత కార్డు పెట్టి చూశాడు, ఏమీ జరగలేదు. చివరికి కాలేజీ ఎలక్ట్రీషియన్ బాబాయి వచ్చి, కారిడార్లో ఉన్న పెట్టె తెరిచి ఒక తీగ పీకాడు. 'టక్' మంది. తలుపు తెరుచుకుంది.

దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. "అన్నిసార్లు నొక్కాం బాబాయ్, ఎందుకు తెరుచుకోలేదు?" అని అడిగాను.

"మీరు నొక్కింది స్విచ్చు కాదు బాబూ, అర్జీ పెట్టారు. అర్జీ తీసుకునేవాడు పడుకున్నాడు" అన్నాడాయన.

మర్నాడు హెచ్‌ఓడీ సార్ పిలిచి, "ఈసీఈ వాళ్లే కదా మీరు. ఆ తలుపుకి ఏం పెట్టాలో కనుక్కుని రాసుకు రండి" అన్నారు. అలా కనుక్కున్నదే ఈ వ్యాసం.

ముందు తాళం సంగతి. మాది మ్యాగ్నెటిక్ లాక్. పైన ఫ్రేముకి ఒక విద్యుదయస్కాంతం, తలుపుకి ఒక ఇనుప పలక ఉంటాయి. కాయిల్లో కరెంటు ఉన్నంతసేపూ రెండూ అతుక్కుని ఉంటాయి. సాధారణంగా వాడే రకం 600 పౌండ్లది, అంటే సుమారు 270 కిలోల బలానికి తట్టుకుంటుంది. నలుగురు కుర్రాళ్లు భుజం పెట్టి తోసినా లాభం లేదు, మేం తోసి చూశాం కూడా. విచిత్రమేమిటంటే ఇంత పట్టుకీ అది తీసుకునేది 12 వోల్టుల దగ్గర సుమారు అర ఆంపియరే. అంటే 6 వాట్లు. హాస్టల్ గదిలో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఇంతకన్నా ఎక్కువ తింటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 'మ్యాగ్నెటిక్ లాకే కదా, కరెంటు పోతే దానంతటదే తెరుచుకుంటుంది' అనుకుంటారు. లాకు వరకే చూస్తే అది నిజం. కానీ దాని వెనక పవర్ సప్లై పెట్టెలో ఒక బ్యాటరీ ఉంటుంది. 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అనుకుందాం. అర ఆంపియర్ చొప్పున లెక్కేస్తే కాగితం మీద 14 గంటలు వస్తుంది. కంట్రోలర్, రీడర్ తినేది తీసేసి, బ్యాటరీ పాతబడిందని తగ్గించుకున్నా గంటల తరబడి తలుపు బిగుసుకునే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు దొంగ రాకూడదని పెట్టిన బ్యాటరీ, ఆ రాత్రి మమ్మల్ని బయటికి పోనివ్వకుండా కాపలా కాసింది.

ఇక బాబాయి చెప్పిన అర్జీ సంగతి. మా ఎగ్జిట్ బటన్ నుంచి రెండు తీగలు కంట్రోలర్‌కి వెళ్తాయి. బటన్ నొక్కితే ఆ రెండూ కలుస్తాయి. కంట్రోలర్ అది గమనించి, తన రిలేని మార్చి, లాకుకి వెళ్లే కరెంటుని ఓ ఐదు సెకన్లు ఆపుతుంది. రోజువారీ పనికి ఇది మంచి పద్ధతే. ఎంతసేపు తెరిచి ఉంచాలో సెట్ చేసుకోవచ్చు, ఎవరో బలవంతంగా తలుపు తీశారని అలారం మోగకుండా ఉంటుంది, లెక్క నమోదవుతుంది. కానీ ఆ రాత్రి సరఫరా మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారినప్పుడు కంట్రోలర్ హ్యాంగ్ అయింది. రిలే ఎక్కడిది అక్కడే ఉండిపోయింది. మేం ఎన్నిసార్లు నొక్కినా అర్జీల కట్ట పెరిగిందే తప్ప చదివే నాథుడు లేడు.

కొనేటప్పుడు బటన్ వెనక్కి తిప్పి చూడండి. మంచి రకానికి మూడు స్క్రూలు ఉంటాయి. కామ్, ఎన్ఓ, ఎన్‌సీ. కామ్ అంటే ఉమ్మడి కొస. ఎన్ఓ కొస మామూలుగా విడిగా ఉండి, నొక్కితే దానితో కలుస్తుంది. ఎన్‌సీ కొస మామూలుగా కలిసే ఉండి, నొక్కితే విడిపోతుంది. కంట్రోలర్‌కి అర్జీ పెట్టడానికి సాధారణంగా ఎన్ఓ వాడతారు. లాకు కరెంటుని మధ్యలో తెంచాలంటే ఎన్‌సీ కావాలి.

ఈ రెంటి తేడా తెలియాలంటే ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. తీగని ఎలుక కొరికేస్తే ఏమవుతుంది? ఎన్ఓ తీగ తెగితే ఏమీ అవదు. అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మళ్లీ ఎవరో నొక్కేదాకా ఆ తెగిన సంగతి ఎవరికీ తెలియదు. లాకు దారిలో ఉన్న ఎన్‌సీ తీగ తెగితే మాత్రం వెంటనే తలుపు ఊడివస్తుంది, పొద్దున్నే అందరికీ తెలిసిపోతుంది. అంటే మొదటిది ఆపద వచ్చేదాకా దాక్కునే లోపం, రెండోది తనంతట తానే బయటపడే లోపం. ప్రాణానికి సంబంధించిన చోట మనకి రెండో రకమే కావాలి.

ఇది అర్థమయ్యాక ఎంపిక తేలికైంది. తలుపు దగ్గరికి ముగ్గురు రకాల మనుషులు వస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో పరికరం.

మొదటివాడు రోజూ వచ్చిపోయేవాడు. ఇతనికి మామూలు ఎగ్జిట్ బటన్ చాలు. అది కంట్రోలర్‌కే వెళ్లొచ్చు. ఇప్పుడు చెయ్యి ఊపితే చాలనే టచ్‌లెస్ సెన్సర్లు కూడా వస్తున్నాయి. కరోనా తర్వాత వీటి మీద మోజు పెరిగింది. చేతిలో సామాను ఉన్నవాళ్లకి హాయిగా ఉంటుంది. కానీ ఆ సెన్సర్‌కి పని చేయడానికి విడిగా కరెంటు కావాలి. మామూలు బటన్‌కి అక్కర్లేదు, వేలుంటే చాలు. పైగా తలుపు సందు పక్కనే సెన్సర్ పెడితే బయటినుంచి ఓ అట్టముక్క దూర్చి ఊపినా తెరుచుకునే ప్రమాదం ఉంది. కాబట్టి సందుకి కాస్త ఎడంగా పెట్టాలి. తలుపుకి అదొక్కటే దిక్కు కాకూడదు.

రెండోవాడు భయపడ్డవాడు. ఆ రాత్రి మేమే. ఇతనికి కావలసింది పచ్చ రంగు ఎమర్జెన్సీ పెట్టె. ఎర్రది ఫైర్ అలారానికి, పచ్చది తలుపు తెరవడానికి. ఇది కంట్రోలర్‌ని అడగదు. లాకుకి వెళ్లే కరెంటుని నేరుగా తన ఎన్‌సీ ద్వారా తెంచేస్తుంది. ఒకసారి నొక్కితే చెయ్యి తీసినా మళ్లీ కలవదు, చిన్న తాళంచెవితో రీసెట్ చేసేదాకా తలుపు తెరిచే ఉంటుంది. వెనక ఇంకొకళ్లు దగ్గుకుంటూ వస్తుంటే ఐదు సెకన్లకే మళ్లీ బిగుసుకోకూడదు కదా. రెండు జతల కాంటాక్టులున్న రకం తీసుకుంటే ఒక జత లాకుని తెంచుతుంది, రెండోది బజర్‌ని మోగిస్తుంది.

దీని రేటింగ్ జాగ్రత్తగా చూడాలి. కంట్రోలర్‌కి వెళ్లే బటన్‌లో కరెంటు లేశమాత్రం. ఇందులోంచి లాకు కరెంటు మొత్తం పారుతుంది. పెట్టె మీద 250 వోల్టుల ఏసీకి రాసిన అంకె డీసీకి వర్తించదు, డీసీ రేటింగ్ విడిగా చూసుకోవాలి. పైగా లాకు అంటే కాయిల్. కరెంటు హఠాత్తుగా తెంచితే కాయిల్ ఎదురు తిరిగి వోల్టేజీని ఎగదన్నుతుంది, కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ పుడుతుంది. అందుకే లాకు దగ్గర ఒక డయోడ్, 1ఎన్4007 లాంటిది, తిరగేసి కడతారు. దానివల్ల పట్టు వదలడం కాస్త ఆలస్యమవుతుంది. కొన్ని లాకుల్లో ఇలాంటి రక్షణ ముందే ఉంటుంది కాబట్టి మాన్యువల్ చూసి కట్టాలి.

మూడోవాడు బయట నిలబడి లోపలివాళ్లని కాపాడాల్సినవాడు, అంటే మా వాచ్‌మన్ తాత. ఆయనకి కీ స్విచ్ కావాలి. తాళంచెవి పెట్టి తిప్పితే ఇదీ లాకు కరెంటుని తెంచుతుంది. వీటిలో రెండు రకాలు. చెవి వదిలితే స్ప్రింగు వల్ల వెనక్కి వచ్చేసేది ఒకటి, తిప్పిన చోటే ఆగేది ఇంకొకటి. మేం ఆగే రకం తీసుకున్నాం. అందులోనూ మూసిన స్థితిలో మాత్రమే చెవి బయటికి వచ్చే రకం. దీనివల్ల తలుపు తెరిచిపెట్టి మర్చిపోయి చెవి జేబులో వేసుకుని వెళ్లిపోవడం కుదరదు. ఇంకో మాట. చవక రకాల్లో ఒకే చెవి అన్ని స్విచ్చులకీ పట్టవచ్చు. కొట్లోనే ఒకదాని చెవి ఇంకోదానిలో పెట్టి తిప్పి చూడండి.

కీ స్విచ్‌తో ఒక చిక్కుంది. అది ఉండేది బయటి గోడ మీద. దాని ఎన్‌సీ తీగ తెగితే తలుపు తెరుచుకుంటుందని ఇందాకే అనుకున్నాం. అంటే స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లయర్ ఉన్నవాడికి తాళంచెవే అక్కర్లేదు. అందుకే మందపాటి స్టీలు పలక, మామూలు స్క్రూడ్రైవర్‌కి లొంగని స్క్రూలు, గోడలో పూడ్చిన పైపులోంచి తీగలు, ఎదురుగా కెమెరా పెట్టించాం.

మొత్తం వైరింగు ఎలా ఉంటుందంటే, వినాయక చవితి పందిరికి కట్టే పాత సీరియల్ సెట్టు గుర్తు తెచ్చుకోండి. ఒక్క బల్బు పోయినా దండంతా ఆరిపోతుంది. ఇదీ అంతే. పవర్ సప్లై నుంచి బయల్దేరిన తీగ ఫైర్ అలారం రిలే, పచ్చ పెట్టె, కీ స్విచ్, కంట్రోలర్ రిలే వరసగా దాటుకుని లాకుకి చేరుతుంది. ఎక్కడ తెగినా తలుపు తెరుచుకుంటుంది.

ఇదంతా రాసుకెళ్తే సార్ ఒకటే అడిగారు. "ఎవరైనా ఊరికే పచ్చ బటన్ నొక్కేసి ఓసిలోస్కోపు పట్టుకుపోతే?" న్యాయమైన ప్రశ్నే. 1911లో న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ కుట్టు కర్మాగారంలో దొంగతనాలు జరక్కూడదని తొమ్మిదో అంతస్తులో ఒక మెట్లదారి తలుపుకి తాళం వేసి ఉంచారు. మార్చి 25న మంటలొచ్చాయి. 146 మంది చనిపోయారు. మన జాతీయ భవన నియమావళి 2016 కూడా నిష్క్రమణ ద్వారాన్ని లోపలివైపు నుంచి తాళంచెవి లేకుండా తెరవగలగాలంటుంది. ఓసిలోస్కోపు కోసం బజర్, కెమెరా, పారదర్శకమైన మూత పెట్టుకోవచ్చు. మనిషి కోసం తలుపు తెరుచుకోవాల్సిందే. సార్ కాసేపు ఆలోచించి సంతకం పెట్టారు.

ఎక్కడ పెట్టాలన్నదానికి అమెరికా ఎన్‌ఎఫ్‌పీఏ 101 నియమావళిలో ఒక కొలత దొరికింది. అక్కడ ఇలాంటి కొన్ని తలుపులకి నేల నుంచి 40 - 48 అంగుళాల ఎత్తులో, తలుపుకి 60 అంగుళాల లోపు బటన్ ఉండాలి. అదే పాటించాం. ఇంతకుముందు మా బటన్ బీరువా పక్కన, చీకట్లో తడుముకునే చోట ఉండేది.

ఆఖరి గొడవ మన సాహితీ క్లబ్బులోనే జరిగింది. పచ్చ పెట్టె మీద తెలుగులో ఏం రాయాలి? ఒకరు 'అత్యవసర నిష్క్రమణ మీట' అన్నారు. బాగుంది అనుకున్నాం. బాబాయి పెదవి విరిచాడు. "పొగలో అది చదివేలోపు ఊపిరి ఆగిపోద్ది బాబూ" అన్నాడు. చివరికి 'గట్టిగా నొక్కండి. తలుపు తెరుచుకుంటుంది' అని రాయించాం. ఆ రోజు భాష గురించి కూడా ఒక పాఠం నేర్చుకున్నాననిపించింది.

అభిమన్యుడికి పద్మవ్యూహంలోకి వెళ్లడమే తెలుసు, బయటికి రావడం తెలియదు. అది అతని తప్పు కాదు, కథ సగంలోనే ఆగిపోయింది. మా ల్యాబుకి తాళం బిగించినవాళ్లూ కథ సగమే చెప్పి వెళ్లారు. కార్డు పెడితే లోపలికి ఎలా రావాలో చూపించారు కానీ, కంట్రోలర్ పడుకుంటే బయటికి ఎలా రావాలో మేమూ అడగలేదు.

మీరు అడగండి. మీ ల్యాబులో, హాస్టల్లో, రేపు మీరు చేరబోయే ఆఫీసులో ఇలాంటి తలుపుంటే, బాధ్యులకి చెప్పి, బయట ఒక మనిషిని నిలబెట్టి ఒకసారి పరీక్షించమనండి. మెయిన్స్ ఆపి ఒకసారి, కంట్రోలర్ ఒక్కదాన్నే ఆపి ఇంకోసారి నొక్కి చూడాలి. రెండుసార్లూ తలుపు తెరుచుకుంటే అక్కడ ఉన్నది నిజంగా స్విచ్చే. లేదంటే మీరు రోజూ నొక్కుతున్నది అర్జీ.