లాప్‌టాప్‌కు బయటి బలం

భూతద్దం తీసుకుని లాప్‌టాప్ తెర మీద పెట్టి చూడండి. నున్నగా కనిపించే బొమ్మ నిజానికి సన్నని చుక్కల కూర్పు. చాలా తెరలలో అడ్డంగా 1,920 చుక్కలు, నిలువుగా 1,080 చుక్కలు ఉంటాయి. గుణించి చూస్తే మొత్తం 20,73,600. ఆటలో గుర్రం పరిగెత్తుతున్నట్టు కనిపించాలంటే ఇన్ని చుక్కలకూ సెకండుకు 60 సార్లు కొత్తగా రంగు నిర్ణయించాలి. అంటే సెకండుకు 12 కోట్ల 44 లక్షల 16 వేల నిర్ణయాలు! ఒక్కొక్క నిర్ణయానికీ మళ్లీ ఎన్నో లెక్కలు చెయ్యాలి. వెలుగు ఎటునుంచి వస్తున్నది, నీడ ఎక్కడ పడుతుంది, ముందున్న చెట్టు వెనకనున్న ఇంటిని ఎంతవరకు కప్పుతుంది—ఇవన్నీ లెక్కలే.

ఈ పనంతా కంప్యూటరులోని ముఖ్య ప్రాసెసర్ ఒక్కటే చెయ్యాలంటే తెమలదు. హెడ్మాస్టరు ఎంత చదువుకున్నవాడైనా 600 మంది పిల్లల లెక్కల కాగితాలు ఒక్కడే కూచుని దిద్దగలడా? అయ్యవార్లందరికీ తలా ఒక కట్ట పంచితే సాయంత్రానికి పూర్తవుతుంది. గ్రాఫిక్స్ చిప్ చేసే పని అలాటిదే. అందులో చిన్న చిన్న లెక్కలు చేసే భాగాలు వందలూ వేలూ ఉంటాయి. అన్నీ ఒక్కసారే పనిచేస్తాయి.

మరి పెద్ద గ్రాఫిక్స్ కార్డు లాప్‌టాప్‌లోనే పెట్టరాదా? పట్టదు. డెస్క్‌టాప్ కంప్యూటరులో పెట్టే పెద్ద కార్డు ఇటుకకన్న పొడుగుంటుంది. దాన్ని చల్లార్చటానికి రెండు మూడు ఫాన్లు తిరుగుతూ ఉండాలి. వాటిలో కొన్ని 450 వాట్ల కరెంటు తాగుతాయి. మన పాతరకం సీలింగు ఫాన్లు ఆరు తిరగటానికి సరిపోయే కరెంటన్నమాట. మామూలు లాప్‌టాప్‌తో వచ్చే చార్జరు చాలాచోట్ల 65 వాట్లది. అందుచేత, లోపల పట్టని కార్డును బయట ఒక పెట్టెలో పెట్టి, దాని కరెంటు దానికి వేరే ఇచ్చి, ఒక తీగతో లాప్‌టాప్‌కు కలిపితే సరిపోదా అని కొందరికి తోచింది. సరిపోతుంది. కాని ఆ తీగ దగ్గరే ఉన్నది అసలు కథ.

ఒక ఊళ్లో గంటకు 100 బస్తాల వడ్లు ఆడించే మర ఉన్నదనుకోండి. పెద్ద రోడ్డు పక్కనే ఉండటంచేత బండ్లు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. అదే మరను తీసుకుపోయి పొలాల అవతల పెట్టి, దానికి సన్నని పుంత ఒక్కటే ఉంచితే ఏమవుతుంది? మర అదే, దాని సత్తువా అదే; కాని వడ్లు అందక మధ్య మధ్య ఊరికే తిరుగుతుంది.

డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద గ్రాఫిక్స్ కార్డు దిగే పొడుగాటి స్లాటును పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాటు అంటారు. అందులో 16 బాటలుంటాయి. మూడవ తరం స్లాటులో ఒక్కొక్క బాట మీద సెకండుకు సుమారు 100 కోట్ల బైట్ల సమాచారం పోగలదు. (ఇంగ్లీషు అక్షరం ఒకటి దాచటానికి ఒక బైటు చాలు.) ఇంటెల్ కంపెనీ 2015లో థండర్‌బోల్ట్ 3 అనే పద్ధతి తెచ్చింది. ఆ తీగ గుండా ఈ పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ సమాచారాన్నే బయటికి పంపవచ్చు. అయితే 16 బాటలు కాదు, మహా అయితే నాలుగు బాటల పాటి దారి! 2023లో ప్రకటించిన థండర్‌బోల్ట్ 5లో దారి రెట్టింపయింది గాని, డెస్క్‌టాప్ స్లాటుతో సమానం కాలేదు.

అయితే దారి సన్ననిదైనంత మాత్రాన అన్ని పనులూ ఒకేలాగ చెడవు. గ్రాఫిక్స్ కార్డుకు దాని సొంత మెమరీ ఉన్నది. మరకు గోడౌను ఉన్నట్టు. బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేరుతో ఒక ఇంటి నమూనా తయారుచేశారనుకోండి. ఆ నమూనా ఒకసారి కార్డు మెమరీలోకి చేరితే, తరవాత కార్డు అరగంటసేపు తనలో తాను లెక్కలు చేసుకుంటుంది. అంతసేపూ దారితో పని తక్కువ. నమూనా కార్డు మెమరీలో పూర్తిగా పట్టినంతవరకు ఇలాటి పనికి బయటి కార్డు బ్రహ్మాండంగా పనికివస్తుంది. ఆటలు అలా కాదు. సెకండుకు 60 సార్లు కొత్త ఆజ్ఞలు పోతూనే ఉండాలి. అందుచేత అదే కార్డు డెస్క్‌టాప్‌లో ఆడించినంత వేగంగా ఇక్కడ ఆడించదు.

ఇంకొక సంగతి. మరలో ఆడిన బియ్యాన్ని మళ్లీ ఆ పుంత మీదనే వెనక్కు తీసుకురావాలంటే, వడ్ల బండ్లకూ బియ్యం బండ్లకూ ఒకటే దారి అవుతుంది. కార్డు గీసిన బొమ్మను లాప్‌టాప్ తెర మీదనే చూడదలిస్తే జరిగేది ఇంచుమించు ఇదే. అలాకాక, కార్డు వెనకనున్న పోర్టుకే వేరే మానిటరు తగిలిస్తే, బియ్యం మర వెనక వాకిలి గుండా తిన్నగా బజారుకు పోయినట్టు. ఇంట్లో పాత మానిటరు ఉంటే పారెయ్యకండి!

ఇక పెద్దవాళ్ల చెవిని వెయ్యవలసిన మాట. మా వీధిలో యానిమేషన్ చదువుకునే అమ్మాయి కోసం ఆమె తండ్రి నెలల తరబడి డబ్బు కూడబెట్టి పెట్టే, కార్డూ కొన్నాడు. తీగ చక్కగా దూరింది. కార్డు ఫాన్లు తిరిగాయి. తెర మీద మాత్రం ఏమీ రాలేదు. "దూరింది గదండీ మేస్టారూ, ఎందుకు పనిచెయ్యదు?" అన్నాడాయన. యు.ఎస్.బి.-సి అనేది పోర్టు ఆకారానికి పేరు. అదే ఆకారంలో ఉన్న పోర్టులలో కొన్ని చార్జింగుకూ ఫైళ్లకూ మాత్రమే పనికివస్తాయి. వాటి గుండా పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ పోదు. అమ్మినవాడు ఆ సంగతి చెప్పలేదు. వాపసు తీసుకుంటూ కొంత డబ్బు మినహాయించుకున్నాడు కూడానూ. ఆ అమ్మాయి పరీక్ష పని కాలేజీ లాబ్‌లో రాత్రిదాకా కూచుని చేసుకోవలసి వచ్చింది.

థండర్‌బోల్ట్ పోర్టు పక్కన సాధారణంగా మెరుపు గుర్తు ఉంటుంది. కాని గుర్తును నమ్మటంకన్న, లాప్‌టాప్ అడుగున ఉండే మోడల్ నంబరు పట్టుకుని దాని వివరాల పట్టికలో థండర్‌బోల్ట్ అని ఉన్నదేమో చూడటం మేలు. యు.ఎస్.బి.4 అని ఉంటే, పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ కూడా పంపుతుందా అని విడిగా అడగాలి. యాపిల్ కంపెనీ 2018లో ఈ సదుపాయం ఇచ్చింది గాని, 2020 నుంచి తన సొంత చిప్‌తో చేస్తున్న మాక్‌లలో తీసివేసింది. సరైన పోర్టు లేనివాళ్లు నన్నడిగితే, ఆ డబ్బుతో డెస్క్‌టాప్ ఒకటి అసెంబుల్ చేయించుకొమ్మంటాను. హాస్టలుకూ ఇంటికీ తిరిగే పిల్లల సంగతి వేరు.

లాప్‌టాప్ అడుగు విప్పి, లోపల ఎస్.ఎస్.డి. పెట్టే స్లాటు నుంచి తీగ లాగి కార్డు తగిలించేవాళ్లు కూడా ఉన్నారు. దారి మంచిదే గాని, కార్డూ బోర్డూ బల్ల మీద బయటే పడి ఉంటాయి. పక్కనే ఎస్.ఎం.పి.ఎస్. ఉంటుంది. దాని ఇనప డబ్బా మాత్రం ఎన్నడూ విప్పరాదు. ప్లగ్గు పీకిన తరవాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేటంత కరెంటు నిలిచి ఉండవచ్చు.

పెట్టె కొనుక్కున్నవాళ్లకు ఈ బాధ లేదు. ప్లగ్గు తీసి ఉంచి కార్డును స్లాటులో గట్టిగా దింపాలి. ఎస్.ఎం.పి.ఎస్. నుంచి వచ్చే లావుపాటి కనెక్టర్లు "టక్" మనేదాకా కార్డుకు గుచ్చాలి. తరవాత పెట్టెకు కరెంటు ఇచ్చి, లాప్‌టాప్‌కు తీగ కలిపి, కార్డు కంపెనీవారి డ్రైవర్ ఎక్కించాలి. తీగ పొట్టిదైతే మంచిది. పని అయిపోగానే తీగ పీకకండి. ముందు తెరిచి ఉన్న ఆటో, బ్లెండరో మూసి, విండోస్‌లో ఆ పెట్టెను విడదీయమని ఆజ్ఞ ఇచ్చి, సరేనని జవాబు వచ్చాక తీగ తియ్యాలి.