బన్ను తాజాదనం ఎన్ని గంటలు?

తాజా సరుకుకు ధర ఎక్కువ, వాడిపోయిన సరుకుకు ధర తక్కువ. ఇది బజారులో మనకు తెలిసిన లెక్క. కాని తాజాదనమూ చవకదనమూ ఒకే పళ్ళెంలో దొరికే చోట్లు కొన్ని ఉన్నాయి. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో, న్యూయార్క్ వంటి నగరాల్లో చైనీయులు ఎక్కువగా నివసించే పేటలను చైనాటౌన్ అంటారు. అక్కడి చిన్న వీధి బేకరీల్లో అప్పుడే ఓవెన్ నుంచి దిగిన బన్ను, ఖరీదైన కాఫీ హోటళ్ళలో అద్దాల వెనుక పెట్టి అమ్మే రొట్టె కంటే చవకగా దొరకడం మామూలే. పనికి వెళ్ళే కూలీలు, బడికి వెళ్ళే పిల్లలు, ముసలివాళ్ళు అందరూ అక్కడే ఉదయపు ఫలహారం ముగిస్తారు.

ఇది ఎలా సాధ్యం? దీనికి సమాధానం సగం వ్యాపారంలో ఉంది, సగం రసాయనశాస్త్రంలో ఉంది. రెండూ చూద్దాం.

బన్ను ప్రయాణం

దక్షిణ చైనా ప్రజలు మనలాగే అన్నం తినేవారు. గోధుమపిండితో వారు చేసుకొనే బన్నులను ఆవిరిమీద ఉడికించేవారు. ఓవెన్‌లో కాల్చే మెత్తని రొట్టె వారికి ఐరోపావారి ద్వారా పరిచయమైంది. 1842 నుంచి 1997 వరకు బ్రిటిష్ పాలనలో ఉన్న హాంకాంగ్‌లో స్థానిక రొట్టెల పనివారు ఆ మెత్తని తీపిరొట్టెను తీసుకొని, అందులో తమకు నచ్చిన రుచులు కూరడం మొదలుపెట్టారు. కొబ్బరి, ఎర్ర చిక్కుడు ముద్ద, మాంసం, ఇలా ఎన్నో.

హాంకాంగ్‌కు ఆనుకొని ఉన్న గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం నుంచి పందొమ్మిదో శతాబ్దం మధ్యలోనే ఎందరో కాలిఫోర్నియాకు వలస వెళ్ళారు. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని సడలించాక హాంకాంగ్, తైవాన్‌ల నుంచి ఇంకా ఎక్కువమంది వెళ్ళారు. వారి వెంట ఈ బన్నులూ సముద్రం దాటాయి.

వీటిలో పేరుపొందినది ‘బోలో బావ్’, అంటే అనాసపండు బన్ను. ఇందులో అనాసపండు ముక్క ఒక్కటి కూడా ఉండదు! మరి ఆ పేరెందుకు? బన్ను ముద్దపైన పిండి, చక్కెర, కొవ్వు, గుడ్డు కలిపిన పలుచని బిళ్ళ పరుస్తారు. ఓవెన్‌లో అడుగున ఉన్న ముద్ద ఉబ్బుతుంది. పైన ఉన్న బిళ్ళకు అలా సాగే గుణం లేదు. అందుకే అది పగుళ్ళు బారుతుంది. ఆ పగుళ్ళ గళ్ళు అనాసపండు తొక్కలా కనిపిస్తాయి. పేరు వెనక ఉన్నది పండు కాదు, భౌతికశాస్త్రమన్నమాట. ఈ బన్ను చేసే పద్ధతిని 2014లో హాంకాంగ్ ప్రభుత్వం తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

గట్టిపడడం అంటే ఎండిపోవడమేనా?

ఉదయం మెత్తగా ఉన్న బన్ను మర్నాటికి గట్టిపడుతుంది. ఎందుకని అడిగితే మీలో చాలామంది “నీరు ఆవిరైపోయింది” అంటారు. సగమే నిజం. నీరు బయటికి పోకుండా మూసి ఉంచినా రొట్టె గట్టిపడుతుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూసింగో 1852లోనే చూపాడు. అలా గట్టిపడిన రొట్టెను వేడిచేస్తే మళ్ళీ మెత్తబడుతుందని కూడా ఆయన గమనించాడు. పోయిన నీరు వేడిచేస్తే తిరిగి రాదు కదా! కనుక కారణం వేరే ఉండాలి.

ఆ కారణం మీ వంటింట్లోనే కనిపిస్తుంది. వేడి అన్నం మెత్తగా ఉంటుంది. రాత్రి మిగిలిన అన్నం గిన్నెకు మూతపెట్టినా, తెల్లవారేసరికి మెతుకు బిరుసెక్కుతుంది. బియ్యంలోనూ గోధుమలోనూ ఉండే ముఖ్యపదార్థం స్టార్చి. పచ్చిపిండిలో స్టార్చి అణువులు బారులు తీరి బిగుతుగా ఉంటాయి. నీటితో కలిపి దాదాపు 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటేలా వేడిచేస్తే, ఆ బారులు చెదిరి, అణువుల మధ్యకు నీరు చేరి, స్టార్చి ఉబ్బుతుంది. దీనినే మనం ఉడకడం అంటాం. చల్లారాక ఆ అణువులు మళ్ళీ ఒకదానికొకటి దగ్గరగా జరిగి, బారులు తీరడం మొదలుపెడతాయి. అప్పుడు బన్ను గట్టిపడుతుంది.

ఇక్కడొక వింత ఉంది. ఈ బారులు తీరడం మామూలు గది వేడిలో కంటే, ఫ్రిజ్‌లోని 4 డిగ్రీల చలిలో వేగంగా జరుగుతుంది. అంటే తాజాగా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టిన బన్ను తొందరగా ముసలిదవుతుంది! గడ్డకట్టించే చలిలో, అంటే సున్నాకు 18 డిగ్రీల కిందికి పోతే, అణువుల కదలిక దాదాపు ఆగిపోయి బన్ను చాలాకాలం అలాగే నిలుస్తుంది.

బేకరీవారి కిటుకులు

బన్ను తాజాదనం గంటల లెక్కలో ఉండే వస్తువని ఈ విషయం చెబుతుంది. దానిని నిలవబెట్టడానికి ఖర్చు చేయడం కంటే, వెంటవెంటనే చేసి వెంటవెంటనే అమ్మడం తెలివైన పని. వీధి బేకరీ చేసేది అదే. దుకాణం వెనకే ఓవెన్ ఉంటుంది. ఒక్కసారే గుట్టలుగా కాకుండా, కొన్ని ట్రేల చొప్పున రోజులో పలుమార్లు కాలుస్తారు. లారీ రవాణా లేదు, రంగుల అట్టపెట్టె లేదు. చాలాచోట్ల కొనేవారే ఒక పళ్ళెం, ఒక పట్టుకారు తీసుకొని కావలసిన బన్నులు ఏరుకొంటారు. బన్ను చిన్నది, లాభమూ చిన్నదే. కాని రోజంతా అమ్మకం జరుగుతూనే ఉంటుంది. తాజాదనమే చవకదనానికి దారి చూపుతోంది, గమనించారా?

మరో కిటుకు ‘టాంగ్‌జోంగ్’. జపాన్ పద్ధతి నుంచి వచ్చిన దీన్ని ఇప్పుడు చైనా బేకరీల్లోనూ విరివిగా వాడతారు. కొంచెం పిండిని అయిదు రెట్ల నీటిలో కలిపి, 65 డిగ్రీల వరకు కాస్తారు. అది మన జావలా చిక్కబడుతుంది. ముందే ఉబ్బిన ఈ స్టార్చి చాలా నీటిని పట్టి ఉంచుతుంది. దీనిని మిగతా పిండిలో కలిపితే బన్ను మెత్తదనం ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది.

అయినా కొన్ని మిగులుతాయి. వాటినేం చేయాలి? హాంకాంగ్‌లో ‘గాయ్ మేయ్ బావ్’ అనే కొబ్బరి బన్ను ఉంది. అమ్ముడుపోని బన్నులను పారేయలేక, వాటిని పొడిచేసి, చక్కెర, కొబ్బరి కలిపి కొత్త బన్నులో కూరడంతో 1950 ప్రాంతాల్లో ఇది పుట్టిందని చెప్పుకొంటారు. మన హైదరాబాదు డబల్ కా మీఠా కూడా గట్టిపడిన రొట్టెముక్కలకు చక్కగా సరిపోయే వంటకమే. ముసలిదైన రొట్టె చెడిపోయిన రొట్టె కాదని ఇద్దరికీ తెలుసు.

తాజా బన్నును గుర్తుపట్టడం ఎలా?

మీలో ఎవరైనా ముందుముందు చదువుకో ఉద్యోగానికో అలాంటి నగరానికి వెళ్ళవచ్చు. ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. మన ఊరి బేకరీకీ ఇవి పనికివస్తాయి.

ఒకటి: అద్దాల అలంకరణ చూడకండి, ఆ పేటవాళ్ళు ఎక్కడ వరసలో నిలుచున్నారో చూడండి. అమ్మకం చురుకుగా ఉన్నచోట సరుకు నిలవ ఉండదు.

రెండు: “ఏ ట్రే ఇప్పుడు వచ్చింది? మళ్ళీ ఎప్పుడు వస్తుంది?” అని అడగండి. అడగడానికి డబ్బు ఖర్చు కాదు.

మూడు: వేడి బన్నును ప్లాస్టిక్ సంచిలో మూటకట్టకండి. ఆవిరి నీటిబొట్లై బన్ను తడుస్తుంది, త్వరగా బూజు పడుతుంది. ముందు చల్లారనివ్వండి.

నాలుగు: మూసేవేళ కొన్ని దుకాణాలు మిగిలినవి ధర తగ్గించి అమ్ముతాయి. కూరడం లేని బన్ను అయితే ధైర్యంగా కొనండి. వేడిచేస్తే మెత్తబడుతుంది. మాంసం, మీగడ, గుడ్డు కూరినవి మాత్రం గంటల తరబడి బయట ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటిని వెంటనే తినాలి, లేదా ఫ్రిజ్‌లోనే ఉంచాలి. అక్కడ మెత్తదనం కంటే ఆరోగ్యం ముఖ్యం. బూజు పట్టిన బన్నును ఎంత వేడిచేసినా తినకూడదు. మాంసాహారం తినని వారు లోపల ఏముందో, ఏ కొవ్వు వాడారో అడిగి తెలుసుకోవాలి.

మీరే పరీక్షించండి

బేకరీలో ఒకే ట్రేలోని, కూరడం లేని తాజా బన్నులు మూడు కొనండి. మూడింటిని మూడు మూత డబ్బాల్లో పెట్టండి. ఒకటి అలమరలో, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి ఫ్రిజ్‌లో మంచుకట్టే అరలో ఉంచండి. ఒకరోజు గడిచాక అన్నీ బయటికి తీసి, మూతలు తెరవకుండా రెండు గంటలు ఆగండి. తరువాత ప్రతి బన్ను ఎత్తును స్కేలుతో కొలవండి. దానిపై ఒకే పుస్తకాన్ని ఒక నిమిషం పెట్టి, పుస్తకం ఉండగానే మళ్ళీ కొలవండి. ఎక్కువ అణిగినదే ఎక్కువ మెత్తనిది. ఇప్పుడు ఫ్రిజ్‌లోని బన్నును పెనంమీద మూతపెట్టి, సన్నని సెగపై లోపలిదాకా వేడెక్కనిచ్చి మరోసారి కొలవండి. బూసింగో చూసినది మీ కళ్ళకూ కనిపిస్తుంది. ఆ బన్ను తిరిగి చల్లారాక ఏమవుతుందో కూడా చూడండి.

ఫలితాలను పట్టికగా రాసుకొన్నాక బన్నులను పారేయకండి. పాలలో ముంచుకొని తినండి. గోధుమ పండించిన రైతు చెమట, తెల్లవారకముందే లేచి పిండి కలిపిన పనివాడి శ్రమ ఆ ఒక్క బన్నులో ఉన్నాయి. స్టార్చి సంగతి తెలిసినవారు, కాస్త గట్టిపడిందని రొట్టెను చెత్తబుట్టలో వేయరు.