భాగం - 14: మత్తు పదార్థాల సమస్య ఉన్నవారికి సహాయం - సేవా వృత్తినిపుణుల శిక్షణ

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- మత్తు పదార్థాల సమస్య ఉన్నవారితో పనిచేయడానికి ప్రత్యేక శిక్షణ ఎందుకు అవసరమో వివరించగలరు.
- ఆధారపడటాన్ని, అకస్మాత్తుగా మానేసినప్పుడు కలిగే ప్రమాదాన్ని గుర్తించగలరు.
- తీర్పు చెప్పకుండా ప్రశ్నించే పద్ధతిని ఉదాహరణతో చూపగలరు.
- కుటుంబం, చట్టం, గోప్యతల విషయంలో కార్యకర్త బాధ్యతలను చర్చించగలరు.

14.1 పరిచయం

2020 మార్చి చివరి వారంలో లాక్‌డౌన్ వల్ల తెలంగాణలో మద్యం దుకాణాలు, కల్లు దుకాణాలు మూతపడ్డాయి. కొద్ది రోజులకే హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి రోగుల రాక ఒక్కసారిగా పెరిగింది. చేతుల వణుకు, నిద్రలేమి, ఫిట్స్, లేనివి కనిపించడం, అయినవాళ్ళను గుర్తుపట్టలేకపోవడం వంటి లక్షణాలతో వారిని తీసుకువచ్చారు. వారిలో చాలామంది కల్లు తాగేవారు. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్‌ప్రజోలం వంటి మత్తు మందులు కలుపుతారన్నది తెలంగాణలో ఎప్పటినుంచో ఉన్న సమస్య. తాగేవారు తమకు అలవాటైంది కల్లేనని అనుకుంటారు. శరీరం మాత్రం ఆ మందులకు అలవాటుపడి ఉంటుంది.

"తాగుడు మానితే మంచిదే కదా" అని మనమంతా నమ్ముతాం. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో ఆ కొద్ది రోజులు చూపించాయి. మానడం మంచిదే, అయితే ఎలా మానాలన్నది ప్రాణానికి సంబంధించిన ప్రశ్న. మంచి మనసు ఒక్కటే ఉంటే ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు. అందుకే సామాజిక కార్యకర్తలకు, కౌన్సెలర్లకు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు ఈ విషయంలో శిక్షణ కావాలి.

14.2 శిక్షణ అవసరం

అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన జాతీయ మాదకద్రవ్య చికిత్సా కేంద్రం నిర్వహించిన సర్వే నివేదిక 2019లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో 10 నుంచి 75 ఏళ్ళ వయసువారిలో 14.6 శాతం, అంటే దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వీరిలో సుమారు 5.7 కోట్ల మందికి సహాయం అవసరం. అయితే మద్యంపై ఆధారపడిన ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందామని చెప్పారు.

మిగిలిన 37 మంది ఎక్కడ ఉన్నారు? మన మధ్యే ఉన్నారు. భార్య కుటుంబ సలహా కేంద్రానికి వస్తుంది. పిల్లవాడు బడి మానేస్తాడు. కాలు విరిగి ఒకరు ప్రభుత్వాసుపత్రిలో చేరతారు. అంటే మత్తు వైద్య నిపుణుడి కంటే ముందు ఈ సమస్య సేవా కార్యకర్తకే ఎదురవుతుంది. ఆ మొదటి కలయికలో కార్యకర్త ఏం మాట్లాడతారన్నదాన్ని బట్టి ఆ వ్యక్తి చికిత్సకు దగ్గరవుతాడు, లేదా దూరమవుతాడు.

14.3 శిక్షణలో మొదటి అంశం: వైఖరి

మన ఇళ్ళలో, ఊళ్ళలో తాగుడు మీద గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. అందుకు కారణాలూ ఉన్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధానికి దారితీసింది. అది అమ్మకం మీద జరిగిన సామూహిక పోరాటం. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి సహాయం చేయడం వేరే పని. మొదటిదానికి ఆగ్రహం బలం. రెండోదానిలో అదే ఆగ్రహం అడ్డం వస్తుంది.

అందుకే శిక్షణ సాధారణంగా అభ్యాసకుల సొంత అనుభవాలతో మొదలవుతుంది. మన ఇంట్లో తాగేవారు ఉన్నారా? వారిని చూస్తే మనకు ఏమనిపించేది? తాగుబోతు అనే మాట వినగానే ఎలాంటి మనిషి గుర్తుకొస్తాడు? ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు రాసుకున్నవారు తమ కోపాన్ని ఎదుటివారిపై చూపకుండా జాగ్రత్త పడగలుగుతారు. "తాగుబోతు" అనే బదులు "తాగుడు సమస్య ఉన్న వ్యక్తి" అనడం కూడా ఈ అభ్యాసంలో భాగమే.

14.4 రెండో అంశం: విషయ జ్ఞానం

14.4.1 ఆధారపడటాన్ని గుర్తించడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పు ఆరు లక్షణాలను పేర్కొంది. గడిచిన ఏడాదిలో వీటిలో మూడు లేదా అంతకంటే ఎక్కువ కలిసి కనిపిస్తే ఆ వ్యక్తి మత్తు పదార్థంపై ఆధారపడినట్లు భావిస్తారు.

1. తీసుకోవాలనే బలమైన కోరిక.
2. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత తీసుకోవాలో, ఎక్కడ ఆపాలో అదుపు లేకపోవడం.
3. మానితే లేదా తగ్గిస్తే శరీరంలో బాధలు కలగడం. వీటినే ఉపసంహరణ లక్షణాలు అంటారు.
4. పాత మోతాదు చాలక, అదే మత్తు కోసం మోతాదు పెంచవలసి రావడం.
5. ఇతర పనులను, సంతోషాలను క్రమంగా వదులుకోవడం.
6. హాని జరుగుతోందని తెలిసినా కొనసాగించడం.

మద్యం విషయంలో ప్రాథమిక పరీక్షకు అదే సంస్థ రూపొందించిన ఆడిట్ ప్రశ్నావళి ఉపయోగపడుతుంది. ఇందులో 10 ప్రశ్నలుంటాయి. మొత్తం మార్కులు 0 నుంచి 40 వరకు ఉంటాయి. 8 గాని, అంతకు మించి గాని వస్తే తాగుడు హానికర స్థాయిలో ఉన్నట్లు అనుమానించాలి. 20 లేదా అంతకు మించితే వైద్యునిచేత పూర్తి పరీక్ష చేయించాలి. రోగనిర్ధారణ చేయడం కార్యకర్త పని కాదు; అనుమానించి సరైన చోటికి పంపడం కార్యకర్త పని.

14.4.2 ప్రమాద సంకేతాలు

మద్యంపై ఎక్కువగా ఆధారపడిన వ్యక్తి హఠాత్తుగా మానితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, ఆందోళన మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరిలో మతి చలించి, లేనివి కనిపించి, జ్వరం, గుండెదడ పెరుగుతాయి. చికిత్స అందకపోతే ఈ స్థితి ప్రాణాంతకం కావచ్చు. నిద్ర మాత్రలకు, మందులు కలిపిన కల్లుకు అలవాటుపడినవారికీ అకస్మాత్తుగా మానితే ఫిట్స్ ప్రమాదం ఉంది.

కాబట్టి ఈ కింది వారిని ఇంటి దగ్గర మాన్పించే ప్రయత్నం చేయకుండా ఆసుపత్రికి పంపాలి: గతంలో మానినప్పుడు ఫిట్స్ లేదా మతిభ్రమణం వచ్చినవారు, పొద్దున లేవగానే తాగనిదే పని చేయలేనివారు, కాలేయ జబ్బు వంటి తీవ్రమైన అనారోగ్యం ఉన్నవారు, గర్భిణులు, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారు.

14.5 మూడో అంశం: సంభాషణ నైపుణ్యం

ఒక తాపీ మేస్త్రీని ఉదాహరణగా తీసుకుందాం. వయసు 42. భార్య ఒత్తిడి మీద సలహా కేంద్రానికి వచ్చాడు.

మొదటి సంభాషణ

కార్యకర్త: "ఇద్దరు పిల్లల తండ్రివి, సిగ్గుగా లేదా? రేపటి నుంచి ముట్టనని పిల్లల మీద ఒట్టు వెయ్యి."
మేస్త్రీ: "సరే మేడమ్. ముట్ట."

చూడటానికి పని పూర్తయినట్లే ఉంది. ఒట్టు తప్పితే మేస్త్రీ సిగ్గుతో మళ్ళీ ఆ కేంద్రానికి రాడు. ఒట్టు నిలబెట్టుకుంటే ఏమవుతుంది? రెండో సంభాషణ చదవండి.

రెండో సంభాషణ

కార్యకర్త: "అన్నా, రోజుకు ఎంత తాగుతారో చెప్తారా? తిట్టడానికి కాదు, తెలుసుకుందామని అడుగుతున్నా."
మేస్త్రీ: "పొద్దుగాల రెండు సీసలు, మాపటికి మూడు. కల్లే మేడమ్, మందు కాదు."
కార్యకర్త: "ఒక పూట తాగకపోతే ఎట్లుంటది?"
మేస్త్రీ: "చేతులు వణుకుతయి. తాపీ పట్టరాదు."
కార్యకర్త: "అంటే పని చేయాలంటే తాగాల్సి వస్తోంది."
మేస్త్రీ: "అవు. అట్ల తాగి పోతేనే మొన్న గుత్తేదారు రావద్దన్నడు. బిడ్డ ఫీజు కట్టలే. మానాలనే ఉంది. పోయినసారి మూడు దినాలు మానితే ఫిట్స్ వచ్చినయి."

ఈ చివరి వాక్యం మొదటి సంభాషణలో బయటికి రాలేదు. ఒట్టు నిలబెట్టుకుని ఉంటే మేస్త్రీ ప్రాణం మీదికి వచ్చేది. రెండో కార్యకర్త నిందించలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. అవును, కాదు అని తేల్చలేని ప్రశ్నలు వేసింది. విన్నదాన్ని తిరిగి తన మాటల్లో చెప్పింది. మానవలసిన కారణం మేస్త్రీ నోటి నుంచే వచ్చింది. ఇక ఆమె చేయవలసింది ఆ కోరికను మెచ్చుకుని, ఇంటి దగ్గర ఒంటరిగా మానవద్దని చెప్పి, ఆసుపత్రికి తోడు పంపడం.

ఈ పద్ధతిని ప్రేరణాత్మక సంభాషణ అంటారు. విలియం మిల్లర్ దీన్ని 1983లో మొదట వివరించారు. తరవాత స్టీఫెన్ రోల్‌నిక్‌తో కలిసి 1991లో గ్రంథంగా వెలువరించారు. మార్పు ఒక్కసారిగా రాదని, ఆలోచనే లేని దశ, ఆలోచించే దశ, సన్నద్ధమయ్యే దశ, ఆచరించే దశ, కొనసాగించే దశ ఉంటాయని ప్రొచాస్కా, డిక్లెమెంటె చెప్పిన నమూనా కూడా శిక్షణలో బోధిస్తారు. మేస్త్రీ రెండో దశ దాటి మూడో దశకు వస్తున్నాడు. ఆలోచనే లేని వ్యక్తికి ఆసుపత్రి చిరునామా ఇచ్చి ప్రయోజనం లేదు. సిద్ధంగా ఉన్న వ్యక్తికి ఇవ్వకపోతే అవకాశం చేజారుతుంది.

మీ అవగాహనను సరిచూసుకోండి - 1
రెండో సంభాషణలో 14.4.1లోని ఆరు లక్షణాలలో ఏవి స్పష్టంగా కనిపిస్తున్నాయి? (జవాబు ఈ భాగం చివర ఉంది.)

14.6 మళ్ళీ మొదలుపెట్టడం, కుటుంబం

చికిత్స పొందినవారిలో చాలామంది ఏదో ఒక సమయంలో మళ్ళీ మొదలుపెడతారు. దీన్ని పునఃపతనం అంటారు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు మందులు మానేస్తే జబ్బు తిరగబెట్టినట్లే ఇదీ. "అంతా వృథా అయింది" అనకుండా, "ఆ రోజు ఏం జరిగింది? ఎవరితో ఉన్నారు? అంతకుముందు ఇన్ని నెలలు ఎలా ఆపగలిగారు?" అని అడగడం నేర్పాలి. హెరాయిన్ వంటి నల్లమందు జాతి పదార్థాల విషయంలో మరో జాగ్రత్త ఉంది. కొంతకాలం మానినవారికి పాత మోతాదును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మళ్ళీ అదే మోతాదు తీసుకుంటే ప్రాణం పోవచ్చు. ఈ సంగతి వారికి, కుటుంబానికి ముందే చెప్పాలి.

కుటుంబ సభ్యులకు తమదే తప్పన్న భావన ఉంటుంది. భార్య సరిగ్గా చూసుకుంటే తాగేవాడా అని అత్తవారింట్లో అంటారు. ఆ భారాన్ని దించడం కార్యకర్త పని. ఇంట్లో హింస ఉంటే ముందు భార్యాపిల్లల భద్రత చూడాలి. 2005 గృహహింస చట్టం గురించి తెలియజేయాలి. తాగుడు మాన్పించే మందును తెలియకుండా అన్నంలో కలిపి పెట్టడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. డైసల్ఫిరాం అనే మందు తీసుకున్న వ్యక్తి మద్యం తాగితే తీవ్రమైన ప్రతిచర్య వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. వైద్యుని సలహా, ఆ వ్యక్తి సమ్మతి లేకుండా ఈ పని చేయకూడదని కుటుంబానికి స్పష్టంగా చెప్పాలి.

14.7 చట్టం, గోప్యత

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్యం నిర్వచనంలో చేర్చింది. అందువల్ల గౌరవంగా చికిత్స పొందే హక్కు, గోప్యత హక్కు వీరికీ ఉన్నాయి. గొలుసులతో కట్టడాన్ని ఈ చట్టం నిషేధించింది. ఏ కేంద్రానికైనా పంపే ముందు అది చట్టప్రకారం నమోదైందో లేదో చూడాలి.

1985 మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్ ప్రకారం, స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరంలో లేదా వాడకం నేరంలో ఉన్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో చికిత్స పొందితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణను ఉపసంహరించవచ్చు. పోలీసుల భయంతో చికిత్సకు వెనకాడేవారికి ఈ సంగతి చెప్పాలి.

చెప్పిన విషయాలు గోప్యంగా ఉంచుతామని మాట ఇచ్చేటప్పుడే దాని హద్దునూ చెప్పాలి: ఆ వ్యక్తి ప్రాణానికి గాని, ఇతరుల ప్రాణానికి గాని ముప్పు ఉంటే సంబంధితులకు తెలియజేయవలసి వస్తుంది.

14.8 శిక్షణ పద్ధతులు

ఉపన్యాసాలతో జ్ఞానం వస్తుంది, నైపుణ్యం రాదు. అభ్యాసకులు ముగ్గురేసి జట్టుగా కూర్చుని, ఒకరు కార్యకర్తగా, ఒకరు సహాయార్థిగా నటిస్తే, మూడోవారు పరిశీలిస్తారు. తరవాత పాత్రలు మార్చుకుంటారు. సహాయార్థి పాత్రలో కూర్చుని "సిగ్గు లేదా" అనిపించుకున్న అనుభవం ఏ పాఠమూ ఇవ్వలేని అవగాహన ఇస్తుంది. దీనితో పాటు క్షేత్రకార్యం, కోలుకున్నవారితో ముఖాముఖి, అనుభవజ్ఞుల పర్యవేక్షణ ఉండాలి. పర్యవేక్షణ లేని కార్యకర్త త్వరగా అలసిపోతారు.

చెన్నైలో 1980లో శాంతి రంగనాథన్ స్థాపించిన టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్, బెంగళూరు నిమ్హాన్స్‌లోని వ్యసన వైద్య కేంద్రం ఈ రంగంలో శిక్షణ ఇస్తున్న సంస్థల్లో ఉన్నాయి. సహాయం కోరేవారికి జాతీయ మాదకద్రవ్య సహాయ సంఖ్య 14446, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ సంఖ్య 14416 తెలియజేయవచ్చు.

14.9 సారాంశం

మత్తు పదార్థాల సమస్య ఉన్నవారిని మొదట కలిసేది ఎక్కువగా సేవా కార్యకర్తలే. వారి శిక్షణలో వైఖరి, విషయ జ్ఞానం, సంభాషణ నైపుణ్యం మూడూ ఉండాలి. నిందించకుండా అడిగితేనే ప్రమాద సంకేతాలు బయటపడతాయి. అవి తెలిస్తేనే సురక్షితంగా మానే దారి చూపగలం. మళ్ళీ మొదలుపెట్టిన వ్యక్తి తిరిగి వచ్చినప్పుడు తలుపు తెరిచి ఉంచడం కూడా చికిత్సలో భాగమే.

14.10 మీ అవగాహనను సరిచూసుకోండి - 1: జవాబు

మూడు స్పష్టంగా కనిపిస్తున్నాయి: చేతుల వణుకు, ఫిట్స్ (3వ లక్షణం), మానాలని ఉన్నా ఆపలేకపోవడం (2వది), పని పోయినా కొనసాగించడం (6వది).

14.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. మత్తు పదార్థాల సమస్యపై పనిచేసే కార్యకర్తల శిక్షణలోని ముఖ్యాంశాలను వివరించండి.
2. రెండు సంభాషణలను పోల్చి, కార్యకర్త వైఖరి ఫలితాన్ని ఎలా మారుస్తుందో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. ఎవరిని ఇంటి దగ్గర మాన్పించే ప్రయత్నం చేయకూడదు? ఎందుకు?
2. గోప్యత, దాని హద్దులు.