బోదకాలికి నీళ్లు తగలాలి

"కాలికి నీళ్లు తగలనీయకు, ఇంకా పొంగుతుంది." కోనసీమలో మా మేనత్త ఈ మాట నమ్మి ఏళ్ల తరబడి వాచిన కాలిని తడిగుడ్డతో పైపైన తుడుచుకుని ఊరుకునేది. బోదకాలు మీద ఉన్న అపోహలన్నిటిలో ఎక్కువ చేటు చేసింది ఇదేనంటాను.

ఒంట్లో కణాల మధ్య మిగిలిన నీటిని తిరిగి రక్తంలో కలిపేవి లింఫు నాళాలు. ఫైలేరియా పురుగులు వాటిలో కాపురం పెట్టి పాడుచేస్తాయి. పోయే దారి లేక నీరు లోపలే నిలుస్తుంది, కాలు వాస్తుంది. పైన పోసుకునే నీళ్లకూ ఈ వాపుకూ సంబంధమే లేదు.

"అమావాస్యకీ పున్నానికీ జ్వరం తప్పదు" అనేది ఇంకో నమ్మకం. చంద్రుడి పాపం ఏమీ లేదు. వాచిన చర్మానికి కాచుకునే శక్తి తక్కువ. వేళ్ల సందుల్లో చిన్న పగులున్నా చాలు, సూక్ష్మక్రిములు దూరతాయి. గజ్జల్లో బిళ్లకట్టి వణుకుతో జ్వరం వస్తుంది, కాలు ఎర్రబడి సలుపుతుంది. ఇలా వచ్చిన ప్రతిసారీ చర్మం ఇంకాస్త మందమవుతుంది. కాబట్టి కాలు పెరగకూడదంటే జ్వరాలు ఆగాలి, జ్వరాలు ఆగాలంటే కాలు కడగాలి.

ఎలాగంటే, రోజూ సబ్బు చేతికి రాసుకుని మడతల లోపలిదాకా మెల్లగా రుద్దాలి. బ్రష్షూ పీచూ వద్దు. శుభ్రమైన నీళ్లతో కడిగి, మెత్తటి పాతగుడ్డ కొసను ఒక్కో వేలి సందులో దూర్చి తడి అంతా అద్దాలి. పగులుంటే డాక్టరిచ్చిన ఆయింట్‌మెంట్ రాయాలి. రాత్రి కాలు ఎత్తుగా ఉండేలా కింద దిండు పెట్టుకోవాలి. గుండె జబ్బున్నవాళ్లు ముందు డాక్టరునడగాలి. "కదిలితే వాపు పెరుగుతుంది" అనేదీ తప్పే. మడమలెత్తి దించినా కండ కదిలి నీరు పైకి సాగుతుంది. జ్వరం రోజుల్లో మాత్రం విశ్రాంతి, చల్లటి తడిగుడ్డ, డాక్టరు దగ్గరకు వెళ్లడం. ఆకులు కాచి కట్టడం, గాట్లు పెట్టించడం ఎప్పుడూ వద్దు.

బోదకాలు తాకితే అంటదు, వంశంలో రాదు. ఈ భయంతో పెళ్లిసంబంధాలు వెనక్కిపోవడం అన్యాయం. వాపులన్నీ ఫైలేరియావి కావు కూడా. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేశాక చెయ్యి వాచే ఆడవాళ్లను చూసి "ఫైలేరియా" అనేస్తారు. అక్కడ పురుగే లేదు.

ఇక ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చే మాత్రలు. వాటిలోని డీఈసీ మందు పురుగుల మీద పనిచేస్తుంది, దెబ్బతిన్న నాళాలను బాగుచేయదు; బాగా ముదిరిన కాలు దానితో సన్నబడదు. "మరి వాపే లేని నాకెందుకు?" అంటారు. పురుగులు ఏళ్ల తరబడి ఏ గుర్తూ లేకుండా ఉండగలవు. వాటి పిల్లలు రాత్రిపూట రక్తంలో పైకి తేలతాయి, రక్త పరీక్ష రాత్రి చేసేదందుకే. మురుగునీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ కూడా అప్పుడే కుట్టి, వాటిని ఇంకొకరికి చేరుస్తుంది. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లు తప్ప, ఈ మాత్రలు పంచే చోట మిగతావాళ్లంతా అన్నం తిన్నాక వేసుకోవాలి. తర్వాత కాస్త తల తిరిగినా, ఒళ్లు వెచ్చబడినా సాధారణంగా అది లోపలి పురుగులు చస్తున్న గుర్తు. ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి "నా ఎదుటే మింగండి" అనేది కాళ్లు బాగున్న మనకోసమే.