పొగరాని పొయ్యి పొగెందుకు కక్కింది?

ఈసారి గోడపత్రికకు నేను మా ఇంటి పొయ్యి గురించి రాస్తున్నాను. పొయ్యి గురించి రాసేదేముంది అని నవ్వకండి. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఆ పొయ్యి వల్ల మా ఇల్లు కాలిపోబోయింది. మీలో చాలామంది ఇళ్లలో కూడా కట్టెల పొయ్యి ఉంటుంది కాబట్టి ఇది అందరికీ పనికొస్తుందని నా ఆశ.

మా ఊరు నాయుడుపేటకు దగ్గరే, స్వర్ణముఖి ఏటి పక్కన. మాది తాటాకు ఇల్లు. గ్యాసు ఉంది గానీ సిలిండరు అయిపోతే మళ్లీ డబ్బులు చేరేదాకా కట్టెలే గతి. మా తమ్ముడికి పొగ పడదు, దగ్గి దగ్గి నిద్రపోడు. అందుకని మా నాయన పాత సామాన్ల అంగడిలో ఒక రేకు గొట్టం కొనుక్కొచ్చి, మట్టి పొయ్యి వెనక నిలబెట్టి, కప్పు పైదాకా లేపాడు. అవ్వ దాన్ని పొగరాని పొయ్యి అంటుంది.

ఇట్లాంటి పొయ్యి కొత్తదేం కాదు. హైదరాబాదులో ఎస్.పి. రాజు గారనే ఇంజనీరు పొగలేని వంటగదుల గురించి 1953లోనే పుస్తకం రాశారని మా సైన్సు సారు చెప్పారు. తర్వాత 1985లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా ఇట్లాంటి పొయ్యిలు పెట్టించే కార్యక్రమం మొదలుపెట్టింది. అది 2002 దాకా నడిచింది. అవ్వకు ఆ పేరు అప్పటినుంచే తెలుసు.

గొట్టం పెట్టిన కొత్తలో బాగానే ఉండింది. నేను సంక్రాంతికి ఇంటికి పోయేసరికి పొగంతా ఇంట్లోకే వస్తోంది. గొట్టం అతుకు దగ్గర నల్లటి నీళ్లు కారి గోడ మీద చారలు కట్టాయి. ఘాటు వాసన. అమ్మ ఊదీ ఊదీ కళ్లు ఎర్రగా చేసుకుంది. గొట్టం బాగలేదని నాయన అన్నాడు. కట్టెలు బాగలేవని అమ్మ అంది.

భోగికి ముందురోజు సాయంత్రం నాయన విసుగుపడి ఎండు తాటిమట్టలు దండిగా వేసి పెద్ద మంట చేశాడు. కాసేపటికి గొట్టం గుయ్యిమని మోత మొదలుపెట్టింది, రైలు వచ్చినట్టు. రేకు ఎర్రగా అయింది. పైనుంచి నిప్పురవ్వలు లేచి తాటాకు మీద పడుతున్నాయి. నేను తమ్ముణ్ణి ఎత్తుకుని బయటికి పరుగెత్తాను. నాయన నీళ్ల బిందె తీసుకుంటే అవ్వ అరిచింది, “గొట్టంలో నీళ్లు పోయబాకరా! పొయ్యి నోరు ముయ్యి!” అమ్మా అవ్వా ఇటుకలు, తడి మట్టి పెట్టి పొయ్యి నోరు మూసేశారు. పక్కింటి మామావాళ్లు కప్పు మీద నీళ్లు చల్లారు. కొంతసేపటికి మోత తగ్గింది. ఆ రాత్రి ఎవరమూ ఇంట్లో పడుకోలేదు.

పొద్దున చల్లారాక గొట్టం ఊడదీసి చూశాము. లోపల నల్లటిది మందంగా పట్టి ఉంది. కొంత మసి పొడిలాగా, కొంత పెచ్చులుగా, కొంత బెల్లం పాకం ఎండినట్టు నిగనిగలాడుతూ ఉంది. చెయ్యి పట్టేంత గొట్టంలో మూడు వేళ్లు కూడా దూరలేదు.

ఆ నల్లదాని పేరు క్రియోసోటు. సారుని అడిగితే చెప్పారు. రైలు పట్టాల కింద వేసే కట్టె స్లీపర్లకు చెద పట్టకుండా క్రియోసోటు అనే నల్ల నూనె పట్టించేవాళ్లు. అది రాతిబొగ్గు తారు నుంచి తీసింది. మా గొట్టంలోది కట్టె పొగ నుంచి వచ్చింది.

ఇది ఎట్లా వస్తుందో మా తాత ఒక్క మాటలో చెప్పాడు. మా తాత పొలాల్లో ఎలకలు పట్టేవాడు. కుండ అడుగున చిన్న బెజ్జం పెట్టి, లోపల గడ్డి కూరి నిప్పు పెట్టి, కుండ మూతిని ఎలక కలుగుకు ఆనించి బెజ్జంలో నుంచి ఊదుతారు. పొగకు ఎలకలు బయటికి వస్తాయి. తాత అన్నాడు, “నాకు పొగ కావాలంటే పచ్చి గడ్డి ఏస్తా. మంట కావాలంటే ఎండింది ఏస్తా. మీరు పొయ్యిని ఎలకల కుండ చేసుకుని కూర్చున్నారు.”

తాత బడికి పోలేదు. కానీ ఆ మాట సైన్సు పాఠమే. పొగ అంటే కాలకుండా మిగిలిన కట్టె. పచ్చి కట్టె బరువులో మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లే ఉంటాయి. సెగంతా ఆ నీళ్లను ఆవిరి చెయ్యడానికే పోతుంది, కట్టె సరిగా కాలదు. అట్లా కాలని పొగ చల్లటి గొట్టంలోకి పోయి, సుమారు 120 డిగ్రీల కంటే చల్లబడితే, అన్నం గిన్నె మూతకు ఆవిరి పట్టినట్టు గోడలకు జిగురుగా పడుతుంది. ఆ జిగురుకు మళ్లీ మంట తగిలితే అదే కట్టెలాగా అంటుకుంటుంది. గొట్టంలో నిప్పు అంటుకుంటే వేడి 1000 డిగ్రీలు దాటగలదు.

మేము చేసిన తప్పులు ఇవి.

ఒకటి. మా వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. నాయన అప్పుడే కొట్టిన కంపచెట్టు కట్టెలు, సర్వి కొమ్మలు వానలో తడిసినవి అట్లే పొయ్యిలో పెట్టాడు. కట్టెలు ఎండాకాలంలోనే కొట్టి, చీల్చి, నేలకు తగలకుండా రాళ్ల మీద పేర్చి, పైన మాత్రం కప్పాలి. పక్కల గాలి ఆడాలి. ఎండిన కట్టె కొనల్లో పగుళ్లుంటాయి. రెండు కట్టెలు కొట్టి చూస్తే ఖంగుమంటాయి. పచ్చివి దబ్బుమంటాయి.

రెండు. పొద్దునకు నిప్పు ఉండాలని రాత్రి పెద్ద మొద్దు పెట్టి పొయ్యి నోరు ఇటుకతో మూసేవాళ్లం. గాలి అందక రాత్రంతా మొద్దు పొగలు కక్కేది. ఇంకో అపాయం కూడా ఉంది. గొట్టం మూసుకుపోతే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లో నిండుతుంది. నిద్రలోనే ప్రాణం పోవచ్చు. మా తమ్ముడు ఆ పొయ్యి పక్కనే పడుకునేవాడు. ఇది తెలిశాక నాకు చాలా భయం వేసింది.

మూడు. ఒక్కసారి కూడా గొట్టం శుభ్రం చెయ్యలేదు. ఇప్పుడు నెలకొకసారి, పొయ్యి పూర్తిగా చల్లారాక, కర్రతో గొట్టాన్ని తట్టి చూస్తాము. మోగితే బాగుంది, మొద్దుగా పలికితే మసి పట్టింది. అప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, గొట్టం ఊడదీసి, పొడవాటి కర్రకు ఈనెల చీపురు కట్టి తోమాలి. నిగనిగలాడే పాకం లాంటిది చీపురుకు రాదు. ఆ ముక్కను నాయన పారేసి వేరే ముక్క వేశాడు. కిరసనాయిలు పోసి కాల్చడం మాత్రం ఎప్పుడూ చెయ్యకూడదు.

నాలుగు. గొట్టం తాటాకుకు ఆనుకుని ఉండింది. ఇప్పుడు దాన్ని మట్టిగోడలో నుంచి బయటికి తీసి, చూరుకు దూరంగా, కప్పు కంటే ఎత్తుగా నిలబెట్టాము. వంట మొదలుపెట్టేటప్పుడు ముందు గుప్పెడు ఎండు పుల్లలు మండించి గొట్టాన్ని వేడి చేస్తాము. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి పొగ దాని వెంటే పోతుంది.

దసరా సెలవులకు పోయినప్పుడు చూశాను. గోడ మీద కొత్త చారలు లేవు. తమ్ముడు రాత్రి దగ్గలేదు.

చివరగా వార్డెన్ మేడం గారికి ఒక మనవి. మన హాస్టలు వెనక నీళ్లు కాచే పొయ్యికి కూడా గొట్టం ఉంది. వానలు మొదలయ్యాయి, కట్టెలు బయటే ఉన్నాయి. వాటిని రేకుల కిందకు మోయడానికి మా తొమ్మిదో తరగతి వాళ్లం సిద్ధం. ఆదివారం పొయ్యి చల్లారాక గొట్టాన్ని తట్టి చూడటానికి మీరు అనుమతి ఇవ్వాలని కోరుతున్నాను. తప్పులుంటే మన్నించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని