మిర్యాము: ఒక పేరు, పెక్కు నిర్వచనములు

మోషే అహరోనుల సోదరి పేరు మిర్యాము. నిర్గమకాండము 15వ అధ్యాయము ఆమెను ప్రవక్త్రి యని పేర్కొనుచున్నది. సముద్రము దాటిన పిదప తప్పెట చేతబట్టి, స్త్రీలకు ముందు నడచి పాడిన దామెయే. ఆ పేరున కర్థ మేమన్న ప్రశ్నకు మాత్రము నేటివఱకు ఏకాభిప్రాయము లేదు.

యూద ఆచార్యులు ‘మర్’ (చేదు) అను మాటనుండి దీనిని సాధించి, దాస్యపు చేదు దినములలో పుట్టినది గనుక ఆ పేరు వచ్చె ననిరి. ‘మెరీ’ (తిరుగుబాటు) అను మాటతో కొందఱు ముడిపెట్టిరి. నాలుగవ శతాబ్దివాడగు జెరోము ‘మర్’ అనగా బిందువు, ‘యామ్’ అనగా సముద్రము అని విడదీసి ‘సముద్రబిందువు’ అనెను. లాటినులో బిందువు ‘స్టిల్లా’, నక్షత్రము ‘స్టెల్లా’. లేఖకుల చేతిలో ఒక్క అచ్చు మాఱి అది ‘సముద్రతార’ యైన దని పండితు లనేకులు తలంతురు.

ఆధునికులు పలువురు ‘ప్రేమించు’ అను అర్థము గల ఐగుప్తు ధాతువును చూపుదురు. మోషే, ఫీనెహాసు పేరులు ఐగుప్తు భాషవే యను వాదము దీనికి బలము. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దిలో మొదలైన గ్రీకు అనువాదము ఆ పేరును ‘మరియం’ అని వ్రాసినది. తొలి ఉచ్చారణలో మొదటి అచ్చు అకారమే కావచ్చును.

అయినను వ్యుత్పత్తి తేలినంతనే అర్థము ముగియదు. ప్రాచీన హీబ్రూ వ్రాతలో అచ్చులకు గుర్తులు లేవు. మిర్యాము పాట ముగిసిన వెంటనే, 23వ వచనమున, ప్రజలు చేదునీళ్లను చేరుదురు. అచట ‘చేదైనవి’ అను మాట ‘మారీమ్’. సంఖ్యాకాండము 20వ అధ్యాయమున ఆమె కాదేషులో మరణించును. ఆ వెంటనే నీరు కఱవగును. మోషే ప్రజలను తిరుగుబాటుదారులని పిలుచును. ఆ మాట ‘మోరీమ్’. ఈ రెండు మాటలకును, ఆమె పేరునకును అక్షరములు నాలుగే, అవియే. తోబుట్టువుపై మాటలాడి కుష్ఠు పొంది, ఏడుదినములు పాళెము వెలుపల నుండినదియు ఆమెయే. ఆమె తిరిగి వచ్చువఱకు ప్రజలు ప్రయాణము సాగింపలేదు. చేదును, ఎదిరింపును ఆమె కథలోనే కలవు.

నామములన్నియు ధాతుజములా యని శాకటాయన గార్గ్యుల వాదమును తెలిపిన యాస్కుడు, ఒకే పదమునకు పలు నిర్వచనములు చూపుటకు జంకలేదు. ఆ దృష్టికి మిర్యాము కొత్త కాదు. ధాతువు వ్యాకర్త వెదకునది. ధ్వని కవి వినునది.

తెలుగు బైబిలులో ఈ పేరు పాతనిబంధనలో ‘మిర్యాము’, క్రొత్తనిబంధనలో ‘మరియ’. ఖురాను 19వ సూరా పేరు ‘మర్యం’. మరియమ్మ యని బిడ్డను పిలుచు తెలుగుతల్లి ఆ తప్పెట పట్టిన స్త్రీ పేరునే పలుకుచున్నది. కాని చేదు, తిరుగుబాటు అను తెలుగు మాటలలో ఆ పేరు వినబడదు. అనువాదకుడు కథను దాటింపగలడు. ఆ నాలుగక్షరములు మాత్రము ఆవలి యొడ్డుననే నిలిచిపోవును.